పిచ్చుకగూడు

కాళేశ్వరమున గోదావరియు ప్రాణహితయు కలియుచోట నిలిచి చూచువారికి రెండు నదులే కనబడును. మూడవది యగు సరస్వతి అంతర్వాహిని యని పెద్దలు చెప్పుదురు. 2025వ సంవత్సరము మే నెలలో పండ్రెండు దినములు ఆ కనబడని నదికే పుష్కరములు జరిగినవి. జనము లక్షలుగా వచ్చి, కనబడు నీటిలో మునిగి, కనబడని దానికి మ్రొక్కి పోయిరి. ఆ యేటి కార్తికమాసమున ఒకనాటి సాయంకాలము, ముక్తీశ్వరుని దర్శించి వచ్చి మెట్లపై కూర్చున్న ఇద్దరి సంభాషణమును, వారి వెంట వచ్చిన నేను మొదటినుండి తుదివఱకు వింటిని. ఒకరు బహుకాలము తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న ఆచార్యులు. రెండవవారు ఆయన పూర్వ శిష్యురాలు, ఇప్పుడు భూపాలపల్లి ప్రాంతమున డిగ్రీ విద్యార్థులకు పాఠము చెప్పుచున్న ఉపన్యాసకురాలు. ఆమె ఒడిలో నొక పొడుగు నోటుపుస్తకము, అందులో గళ్ళు గీసిన పట్టిక యొకటి యుండినవి. చర్చ యంతయు ఆ పట్టికనుండియే పుట్టినది.

గురువు — పట్టిక చూచితినమ్మా. ఇతివృత్తము, పాత్రలు, స్థలకాలములు, దృష్టికోణము, ప్రతీక, శైలి యని అడ్డముగా ఆరు గళ్ళు గీసితివి; ఓల్గా గారి ‘విముక్త’ సంపుటిలోని కథల పేర్లు నిలువుగా వ్రాసితివి. కాని మొదటి గడిలోనే నీ కలము నిలిచిపోయినట్లున్నది.

శిష్యురాలు — నిలిచిన మాట నిజమే, గురువుగారూ. ‘సమాగమం’ కథకు ఇతివృత్తము వ్రాయబోగా ఒక్క వాక్యమునకు మించి రాలేదు: వాల్మీకి ఆశ్రమమున కుశలవులను పెంచుకొనుచున్న సీత, అడవిలో అందమైన తోట వేసికొని బ్రదుకుచున్న శూర్పణఖను కలిసికొనెను, ఇద్దరును మాటలాడుకొనిరి. ‘మృణ్మయనాదం’లో అహల్యను, ‘సైకతకుంభం’లో రేణుకను, ‘విముక్త’లో ఊర్మిళను కలిసికొనును, అక్కడను మాటలే. మొన్న తరగతిలో ఒక పిల్ల లేచి, “మేడమ్, ఈ కథలో ఏం జరిగిందని రాయాలి?” అని అడిగినది. నాకు వెంటనే సమాధానము తోచలేదు.

గురువు — ఆ పిల్ల నాకంటె ముందుగా నా ప్రశ్న నడిగినది. ధనంజయుడు దశరూపకమున రూపకభేదములకు వస్తువు, నేత, రసము అను మూడింటిని ఆధారముగా చెప్పి, వస్తువును మొదట నుంచినాడు, ఊరక ఉంచలేదు. ఏదియో జరుగవలెను, జరిగినదానివలన మనిషి మారవలెను, ఆ మార్పు చూచి మన మనస్సు కరుగవలెను. ఈ కథలలో జరుగుట లేదు, చెప్పుట యున్నది. రచయిత్రి యెడ నాకు గౌరవము లేకపోలేదు. 1987లో వచ్చిన ‘స్వేచ్ఛ’ నవలను ఎంత వాదించుకొనుచు చదివితిమో నాకు జ్ఞాపకమున్నది. ‘విముక్త’కు 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినది, మఱుసటి యేడు టి. విజయకుమార్, సి. విజయశ్రీ గార్ల యనువాదముతో ఆంగ్లపాఠకుల చేతికిని పోయినది. సంతోషమే. ఐనను పురస్కారము వేఱు, పరీక్ష వేఱు. నీవు గీసిన ఈ ఆరు గళ్ళతోనే పరీక్షించినచో, ఇవి కథల వేషము వేసికొన్న వ్యాసములని నా యభిప్రాయము.

శిష్యురాలు — జరుగవలసినదంతయు రామాయణమున ముందే జరిగిపోయినది గదా, గురువుగారూ! ముక్కు కోయుట జరిగినది, శాపము జరిగినది, తల్లి తలపై గొడ్డలి లేచుట జరిగినది, అగ్నిప్రవేశము జరిగినది. తెలుగు పాఠకుడు పుస్తకము తెఱవకముందే ఇవన్నియు మూట గట్టుకొని వచ్చును. ఆ మూట మీదనే నమ్మకముంచి, రచయిత్రి ఒక్క ఘట్టమునైనను మరల వర్ణింపక, ఘట్టము ముగిసిన చోట కథ నెత్తుకొన్నది. ముక్కుచెవులు పోయిన శూర్పణఖ అన్న దగ్గఱకు ఏడ్చుచు పోయి, యుద్ధమునకు కారణమై, ఆపైన తెరమఱుగైనది. మఱునాడు ఆమె యేమి చేసినది? అద్దమెట్లు చూచుకొన్నది? ఏమి నాటినది? ఈ ప్రశ్నలు పురాణమునకు పుట్టలేదు. ‘సమాగమం’ వానితోనే మొదలగును. అందుచేత మా పిల్లకు రేపు చెప్పబోవు సమాధానమిది: జరిగిన తరువాత ఏమి మిగిలినదో అదియే ఈ కథలలో ఇతివృత్తము.

గురువు — చమత్కారముగా నున్నది. కాని సంఘర్షణ మాటయేమి? ఇద్దఱు స్త్రీలు కలిసికొని, ఒకరు చెప్పగా ఒకరు తల యూచినచో అది ఉపదేశమగును గాని కథ కాదు.

శిష్యురాలు — తల యూపుటకు ముందు సీత యెక్కడ నిలిచియున్నదో చూడవలెను. ‘మృణ్మయనాదం’ తీసికొందము. అహల్య తప్పు చేసినదా, మోసపోయినదా యను రెండు మాటలే సీత చెవికి తెలిసినవి, మనకును అంతే. వచ్చినవాడు ఇంద్రుడని అహల్యకు తెలియునా, తెలియదా? ఈ యొక్క ప్రశ్న చుట్టును కవులు, పౌరాణికులు, హరిదాసులు ఎంతకాలము తిరిగిరి! ఓల్గా గారి అహల్య ఆ ప్రశ్నకు సమాధానము చెప్పదు. అడుగుటకు మీకెవరు హక్కిచ్చినారని తిరిగి యడుగును. ఎన్నడును విచారణకు ఒప్పుకొనవద్దని సీతకు చెప్పును. ఇక్కడ దృష్టికోణమును గమనింపుడు. కథ సీత వెంటనే నడచుచున్నది. అహల్య మనస్సులోనికి మనలను పోనీయదు. అహల్య కంఠమున కథ చెప్పించినచో నిజము బయటపడియుండెడిది. నిజము బయటపడినచో మనము తీర్పు చెప్పియుండెడివారము. చెప్పకుండుటవలన ఏమైనది? “ఇంతకును ఆమెకు తెలియునా?” యని పుట మడిచి ఆలోచించు పాఠకుడు, తానును ఆ న్యాయపీఠముపై కూర్చున్నట్లు తానే కనుగొని సిగ్గుపడును. ఆ సిగ్గు ఏ వ్యాసమువలన కలుగును గురువుగారూ?

ఆచార్యులు కొంతసేపు మాటలాడలేదు. ఆవలి యొడ్డున సిరోంచ వైపు దీపములు ఒక్కటొక్కటిగా వెలుగుచుండెను.

గురువు — ఈ యొక్క కథకు ఒప్పుకొంటిని. ఆనందవర్ధనుడు ధ్వని యన్నది దీనినే; చెప్పనిది చెప్పినదానికంటె గట్టిగా వినబడుట. పేరులోనే ఆ మర్మమున్నది సుమా. అహల్య యనగానే మనకు రాయి తోచును. రచయిత్రి పేరులోనికి ఆ రాతిని గాక, ‘మృణ్మయ’మని మట్టిని తెచ్చినది. రాయి పాదము తగులువఱకు ఎదురుచూడవలెను. మట్టి తనంత తానే మొలిపించును. పైగా వినుచున్నది భూపుత్రిక. ప్రతీకయను గడిలో నీవు వ్రాయకున్నచో నేనే వ్రాసెదను. కాని తక్కిన కథల సంగతి వేఱు. ఇప్పుడే గర్భగుడిలో చూచితివి గదా? ఒకే పానవట్టముపై కాలుడు, ముక్తీశ్వరుడు ఇద్దఱును కొలువైయున్నారు. ముక్తీశ్వరలింగమునకు నాసికల వంటి రంధ్రములు రెండున్నవి. ఎన్ని బిందెల నీరు పోసినను పైకి పొంగదు, లోలోపలనే పోయి సంగమమున కలియునని ప్రతీతి. కథలో ఆలోచన యట్లు పోవలెను. ఎక్కడ ఇంకినదో తెలియరాదు. నదిలో కలిసిన పిమ్మటనే తెలియవలెను. ఈ సంపుటిలో చాలచోట్ల ఆలోచన పానవట్టము నిండి మన పాదములపై పాఱుచున్నది.

శిష్యురాలు — స్త్రీ ఆలోచన అంతర్వాహినిగానే యుండవలెనన్న నియమము క్రొత్తది కాదు గదా! శతాబ్దములనుండి అది వంటయింటిలో, తిరుగటి దగ్గఱ, ఊయెల దగ్గఱ లోలోపలనే పాఱినది. ఇప్పుడు వెలికి వచ్చి రెండు మాటలు బిగ్గఱగా అన్నచో, అందము చెడినది, మరల లోపలికి పొమ్మని కావ్యశాస్త్రము చేత చెప్పించుట న్యాయమా?

గురువు — కోపము న్యాయమైనదే. ఐనను కోపము నా ప్రశ్నకు సమాధానము కాదు. నేను స్త్రీని మౌనముగా నుండుమనలేదు. కథను కొంత మౌనముగా నుండుమంటిని. నీవు తిరుగటి మాట తెచ్చితివి గనుక అక్కడినుండియే చెప్పెదను. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట నీవు వినియుందువు. మా నాయనమ్మ పాడెడిది. పదునాలుగేండ్ల పిమ్మట లక్ష్మణుడు గదిలోనికి వచ్చి, నిద్రించుచున్న భార్య చెంత కూర్చుండును. ఆమె మేల్కాంచి, పరపురుషుడెవడో వచ్చినాడని భయపడి, తన తండ్రి పేరు, బావ పేరు చెప్పి, వినినచో నీకు ముప్పని వానినే హెచ్చరించును. చూచితివా? “నన్ను విడిచి పోయితివి” అన్న మాట ఆ హెచ్చరికలో లేదు. భర్తను గుర్తింపలేకపోవుటయే ఆమె ఫిర్యాదు. మా నాయనమ్మ ఆ ఘట్టము వచ్చునప్పటికి తిరుగటి నాపి, ఒక్క నిమిషము ఊరకుండి, మరల త్రిప్పెడిది. చదువురాని ఆ పాటకత్తెలు చేసిన పనిని, ‘విముక్త’ కథలో ఊర్మిళ ఇంత వివేకముగా, ఇంత సుదీర్ఘముగా మాటలాడియు చేయలేకపోయినది. తలుపు మూసికొన్నది నిద్రకు కాదనియు, సత్యమును వెదకుటకనియు, అధికారము మనుష్యులను ఎట్లు కట్టివేయునో తెలిసికొంటిననియు ఆమె చెప్పుచున్నది. అంతయు నిజమే, కాని నా నాయనమ్మ తిరుగటి ఆగలేదు.

ఈమాఱు మౌనము శిష్యురాలిది. నోటుపుస్తకము మూసి, ప్రక్కన బెట్టి, చేతులు మోకాళ్ళ చుట్టు కట్టుకొని కూర్చున్నది. కొంతసేపటికి నెమ్మదిగా మొదలుపెట్టినది.

శిష్యురాలు — ఆ పాటలను వెల్చేరు నారాయణరావుగారు పరిశీలించి వ్రాసిన వ్యాసము నేను చదివితిని. మహాకావ్యములోని పెద్ద సంఘటనలు వీధిలో నుండగా, స్త్రీల పాటలు ఇంటిలోపలి రామాయణమును పట్టుకొన్నవని దానివలన నాకు బోధపడినది. మీరు చెప్పినది ఆలోచించుచుంటిని. పాటలో ఊర్మిళ యెవరితో మాటలాడుచున్నది? భర్తతో. కథలో ఎవరితో? అక్కతో. తేడా అక్కడ నున్నది. మగనియెదుట మాటకు ముసుగు కావలెను. గుర్తింపనట్లు నటింపవలెను, తండ్రి పేరు అడ్డుపెట్టవలెను. ఆ ముసుగు ఎంత అందమైనదో మీ నాయనమ్మగారి తిరుగటి చెప్పినది. కాని మధ్యాహ్నము తలుపులు వేసికొని ఇద్దఱు అక్కచెల్లెండ్రు కూర్చున్నప్పుడు ధ్వనితో మాటలాడుకొందురా? ఉన్నదున్నట్లు మాటలాడుకొందురు. వినువారు మారినప్పుడు మాట తీరు మారుట సంభాషణశిల్పములో మొదటి పాఠమని మీరే మాకు చెప్పితిరి. ఈ నాలుగు కథలలోను స్త్రీ మాట వినుచున్నది స్త్రీయే. అందుకే ఆ మాట తెఱచుకొన్నది. ఈ సంపుటిలో మిక్కిలి సాహసమైన కల్పన శూర్పణఖ తోట కాదు, ఊర్మిళ గది కాదు. సీతకు వినుటకు మఱియొక స్త్రీ దొరకుట.

గురువు — ఇది నాకు తోచలేదు.

శిష్యురాలు — శూర్పణఖ విషయము కూడ చూడుడు. మన స్త్రీల పాటలలోనే ఆమె యోగిని వేషమున అయోధ్యకు వచ్చి, రావణుని బొమ్మ వ్రాసి యిమ్మని సీతను మభ్యపెట్టి, ఆమె యడవుల పాలగుటకు కారణమగును. పాట కట్టినది స్త్రీలే. ఐనను స్త్రీకి స్త్రీని శత్రువుగానే కట్టిరి. ‘సమాగమం’ ఆ పాట మీద వ్రాసిన తిరుగుటపా. ఇక్కడ శూర్పణఖ ముఖము కంటె ముందుగా ఆమె పెంచిన పూవులు సీత కడకు వచ్చును, పిల్లల చేతులలో. సౌందర్యము మొదట, అది యెవరి చేతిదో తరువాత. ముక్కుచెవులు లేని ముఖమును మొదట చూపియుండినచో, మనము జాలితో ప్రారంభించియుండెడివారము. సన్నివేశముల వరుసను మార్చి రచయిత్రి జాలికి చోటులేకుండ చేసినది. స్థలమును గూర్చి యొక మాట: ఊర్మిళ మూసికొన్న గదిని మినహాయించినచో, ఈ కలయికలు రాజభవనము వెలుపలనే. కాలమును గూర్చి యింకొక మాట: సంపుటి పెండ్లితో మొదలుగాదు, అరణ్యవాసము, యుద్ధము, పరిత్యాగము అన్నియు అయిపోయిన సీతతో మొదలై, ఆపైన వెనుకకు మరలును. పురాణము కాలక్రమమున నడచును; ఈ సంపుటి స్మృతిక్రమమున నడచుచున్నది.

గురువు — నీ గళ్ళు నిండుచున్నవి. ఇక మిగిలినది శైలి. అక్కడ నిన్ను నేను వదలను. అడవిలో పుట్టి పెరిగిన శూర్పణఖ, ఋషిపత్నియైన అహల్య, ఇసుకతో కుండలు చేయు రేణుక, మిథిలలో పెరిగిన ఊర్మిళ: ఈ నలుగుర పేర్లు చేతితో మూసి, సంభాషణలు మాత్రము చదివించినచో, ఏది ఎవరిదో నీవైనను చెప్పగలవా? ‘కన్యాశుల్కం’లో గిరీశము నోరు తెఱచిన చాలు, పేరుతో పని లేదు; మధురవాణి సగము వాక్యము చాలు. ఇక్కడ నలుగురును ఒకే బడిలో చదివినట్లు, ఒకే పదములతో, ఒకే శాంతముతో మాటలాడుదురు. ప్రతి కథలోను సీత శిష్యురాలే, ఎదుటివారు గురువులే. ఒక్కరైనను తడబడరు. ఒక్కరైనను సీతవలన తాము నేర్చుకొనరు.

శిష్యురాలు — దీనికి నాయొద్ద సమాధానము లేదు.

గురువు — ప్రయత్నింపవేమి?

శిష్యురాలు — ప్రయత్నించినచో అబద్ధమాడవలసి వచ్చును. నలుగురిలోను మాటలాడునది ఒకే చైతన్యమని, అది కావలెనని చేసిన పని యని సమర్థింపవచ్చును. పరీక్షపత్రములో ఆ సమాధానమునకు మార్కులు కూడ పడును. కాని శూర్పణఖ నోట అడవి వాసన వచ్చియుండినచో ఆ తోట నాకింకను బాగుగా కనబడియుండెడిదని నాకు తెలియును. ఆ గడిలో ఇది లోపమనియే వ్రాసెదను. స్త్రీవాద కథ గనుక లోపము చూడరాదన్నచో, దానిని కథగా గౌరవింపనట్లే.

గురువు — నీవు ఇట్లు చెప్పితివి గనుక నేనును ఒకటి చెప్పవలెను. సంపుటిలోని తుదికథ, రాముని కథ యగు ‘బంధితుడు’ను నేను రెండుమాఱులు చదివితిని. రాముని నిందించుటకే పుస్తకమెత్తినారని తలచి మొదటిమాఱు. నా తలంపు తప్పని తెలిసి రెండవమాఱు. రాజధర్మము, వంశమర్యాద పట్టి బిగించిన ఆ మనుష్యుని చూచి నాకు జాలి కలిగినది. సీతకథలు నాలుగు చెప్పి, తుదకు దృష్టికోణమును ఆయన వైపు త్రిప్పుట మంచి పని.

శిష్యురాలు — పేర్లలోని వ్యాకరణము కూడ చూడుడు: విముక్త స్త్రీలింగము, బంధితుడు పుంలింగము. ఆ రెండు పదములు ఎదురెదురుగా నిలిచిన చాలును, వాదము సగము ముగిసినది. ఇంకొకటి, ఈ ఊరిలో ముక్తి యిచ్చు స్వామి యొకడున్నాడు, మనమిప్పుడే దండము పెట్టి వచ్చితిమి. ‘విముక్త’ కథలో ముక్తి యిచ్చువారెవరును లేరు. ఊర్మిళయు ఈయదు, తలుపు తీసి, తాను తెలిసికొన్నది చెప్పును, అంతే. తక్కినది సీతయే చేసికొనవలెను.

చీకటి పడుచుండెను. వానకాలపు నీరు తగ్గి బయటపడిన ఇసుకలో, యాత్రికుల పిల్ల యొకతె, ఆరేడేండ్లది, కుడిపాదమును ఇసుకలో నుంచి, దానిపై తడియిసుక పోసి, రెండు చేతులతో తట్టుచుండెను. మేమందఱమును చిన్ననాడు కట్టినదే, పిచ్చుకగూడు. తట్టి తట్టి, గట్టిపడినదని తోచిన పిమ్మట, ఊపిరి బిగబట్టి, మడమను వెనుకకు మెల్లమెల్లగా లాగెను. గూడు నిలిచినది. లోపల పాదపు ఆకారమున ఖాళీ మిగిలినది.

గురువు — రేణుక ఇసుకకుండను గూర్చి నీవు ఏమియు చెప్పలేదు.

శిష్యురాలు — చెప్పుటకు భయపడితిని. పాతివ్రత్యబలమున నిలుచుననిన ఆ కుండ ఒక్క చూపునకు విరిగినదని పురాణము. ఒక్క చూపునకు విరుగునది ఎట్టి బలమని కథలోని చింత. ఇసుకతో చేసినదానిని గూర్చి మీ యెదుట వాదించినచో నా వాదమును కూలునేమో యని మానితిని.

గురువు — ఆ పిల్లను చూడుము. పాదము లేక గూడు కట్టుట ఎవరి తరము? పాదము లోపలనే యుంచినచో అది గూడు కాదు, కాలిపై ఇసుక. ఈ కథలకు పాదము రామాయణము. దాని చుట్టును తట్టి, పిదప దానిని తీసివేయవలెను, తీసినను నిలువవలెను. ‘మృణ్మయనాదం’లో అట్లు నిలిచినది. ‘సమాగమం’లో నిలిచినది. ఊర్మిళ గదిలో, నన్నడిగినచో, పాదముతోబాటు కప్పులో కొంత ఊడి వచ్చినది.

శిష్యురాలు — నన్నడిగినచో, మూసిన గదికి ఆ కప్పు ఊడుటయే మంచిదేమో.

ఆయన నవ్వి, లేచుటకు ఆమె భుజము నూతగా గొనెను. ఆమె నోటుపుస్తకము తెఱచి, ఆ వెలుతురులోనే, ఇతివృత్తము అను మాటపై అడ్డుగీత గీసి, దాని క్రింద ఏమో వ్రాసెను. మెట్లెక్కునప్పుడు వెనుకకు తిరిగి చూచితిని. ఆ పిల్ల మొదటి గూటి ప్రక్కనే, ఈమాఱు ఎడమపాదముంచి, రెండవది మొదలుపెట్టియుండెను.